మేడ్చల్ బాట, షామీర్‌పేట బాట

సికింద్రాబాదునుండి ఉత్తరముగా రెండు పెద్ద బాటలు బయలుదేరుచున్నవి. బోయినపల్లి, సుచిత్ర, కొంపల్లి దాటి మేడ్చల్ మీదుగా తూప్రాన్ చేరి, ఆపైన నాగపురము దెసకు సాగునది ఒకటి. తిరుమలగిరి, లోతుకుంట, అల్వాల్, హకీంపేట, తూముకుంటలను గడచి, షామీర్‌పేట, ప్రజ్ఞాపూరు, సిద్దిపేటల మీదుగా కరీంనగరము చేరునది వేరొకటి. తెలుగు చలనచిత్ర చరిత్రను వ్రాసినవారు మదరాసు కోడంబాకమును గూర్చి విపులముగా వ్రాసిరి. జూబిలీహిల్సు స్టూడియోలను గూర్చియు వ్రాసిరి. ఈ రెండు బాటల మాట యెత్తినవారు అరుదు. అయినను, తెలంగాణపు పల్లెపలుకు వెండితెరకును, దూరదర్శనమునకును, నేడు ప్రతివాని అరచేతిలోని ఫోనునకును నడచివచ్చిన కథలో ముఖ్యమైన మజిలీలు పెక్కు ఈ బాటల మీదనే యున్నవి. ప్రజాగాయకుడు గద్దర్ పుట్టినది మేడ్చల్ బాటమీది తూప్రాన్‌లో. 'మా భూమి' నిర్మాత బి. నర్సింగరావు పుట్టినది షామీర్‌పేట బాటమీది ప్రజ్ఞాపూరులో. వారిద్దరును కలసికొని పాటకు పదును పెట్టుకొన్నది నగరపుటంచున నున్న అల్వాల్‌లో. ఆ రెండవ బాటను, దాని కొమ్మలను పట్టుకొని యింకను ముందునకు బోయినచో 'బలగం' దర్శకుడు వేణు ఎల్దండి పుట్టిపెరిగిన సిరిసిల్ల ప్రాంతమును, గంగవ్వ యూరైన జగిత్యాల జిల్లా లంబాడిపల్లెయు తగులును.

ఈ ప్రాంతమున జనులకు ఏ పాట ప్రియమో తెలిసికొనుటకు లెక్కలు తీయనక్కరలేదు. పెండ్లిండ్ల కాలమున కొంపల్లి మొదలు మేడ్చల్ వరకు బారులు దీరిన ఫంక్షన్‌హాళ్లలో నొకదాని యెదుట ఒక రాత్రి నిలుచున్న చాలును. బరాత్ కదలును. డీజే బండిమీది పిల్లవాడు మొదట రెండు మూడు హిందీ పాటలను, పిమ్మట క్రొత్తగా వచ్చిన పెద్ద కథానాయకుల చిత్రగీతములను వేయును. యువకులు కొందరు చిందులు వేయుదురు, తక్కినవారు ఫోనులలో వీడియోలు తీసికొనుచుందురు. అంతలో డప్పు దరువుతో నొక జానపదము మొదలగును. అది యే చలనచిత్రములోనిదియు గాదు. కరీంనగరములోనో వరంగల్లులోనో ఒక చిన్న గదిలో రికార్డు చేయబడి యూట్యూబున వెలువడినది. అప్పుడు చూడవలెను! అంతవరకు గోడవారగా నిలిచిన మేనత్తలు కొంగు నడుమునకు చెక్కికొని ముందునకు వత్తురు. వరుని తాత తన చేతికఱ్ఱను ఎవరికో యిచ్చి రెండడుగులు వేయును. పాట నోటికి రానివారొక్కరును గుంపులో కానరారు. నేను చూచిన బరాతులయందు ఈ మలుపు రాని రాత్రి లేదు. పెద్ద చిత్రపు పాటకు చూపరులుగా నున్నవారే ఈ పాటకు పాత్రధారు లగుచున్నారు.

అదే బాటపై, పారిశ్రామికవాడ యెదుటి చాయ్ దుకాణములయందు, బీహారునుండియు ఒడిశానుండియు వచ్చిన కార్మికులు పని దిగిన సాయంకాలమున ఫోను చుట్టు మూగి భోజ్‌పురి పాటయో ఒడియా పాటయో వినుచుందురు. ఇల్లు విడిచి దూరదేశము వచ్చినవానికి ఆ మూడు నిమిషముల గీతము ఎంతటి యూరటయో వాని ముఖము చూచిన తెలియును. తన యింటి పలుకును, తన యూరి దరువును కోరుకొనుట తెలుగువానికి మాత్రమే యున్న గుణము గాదు, మానవస్వభావములోనిది. అందువలననే ఆ కార్మికుని పాటను గూడ నేను గౌరవముతోనే విందును.

స్వదేశపు కళను కాపాడుకొనుటకు కొన్ని దేశములు శాసనములనే చేసికొనవలసి వచ్చినది. దక్షిణ కొరియాలో చిత్రశాలలు ఏడాదికి 146 దినములు స్వదేశ చిత్రములను ప్రదర్శింపవలెనన్న నియమము చాలకాలము నిలిచెను; 2006లో దానిని 73 దినములకు తగ్గించినప్పుడు అచ్చటి నటులును దర్శకులును వీథుల కెక్కి నిరసన తెల్పిరి. ఫ్రాన్సులో 1996 మొదలు రేడియోలు వినిపించు పాటలలో నూటికి 40 ఫ్రెంచి భాషవి కావలెనన్న కట్టడి అమలులోనికి వచ్చెను. తెలుగువారికి ఇట్టి కట్టడి ఎన్నడును అవసరపడలేదు. 1932లో హెచ్. ఎం. రెడ్డి 'భక్త ప్రహ్లాద'ను మాటలాడించిన నాటినుండి తెలుగు ప్రేక్షకుడు తెలుగు చిత్రమును విడువలేదు. బొంబాయి చిత్రములు వచ్చినను, హాలీవుడ్డు చిత్రములు తెలుగు గొంతుతో దిగినను, సంక్రాంతికి అతడు నిలుచుండు వరుస తెలుగు చిత్రపు వరుసయే. ఇందులకు కారణములు పలువురు వ్రాసియున్నారు గనుక ఇచ్చట మరల వ్రాయను.

అయితే ఆ అభిమానములో తెలంగాణ పల్లెవానికి ఒక వెలితి యుండెను. తెలుగు చిత్రము మదరాసున పెరిగినది. దానికి పెట్టుబడి పెట్టినవారును, కథ వ్రాసినవారును, సంభాషణలు కూర్చినవారును అధికముగా కృష్ణా గోదావరీ తీరములవారు. కావున తెరమీది నాయకుడు ఆ తీరపు భాషనే పలికెను. అది సుందరమైన భాషయే. కాని మేడ్చల్ చుట్టుపట్ల పల్లెలలో ఇంటిలోపల ఆ భాష పలుకువారు లేరు. గుడిబండలో పుట్టిన కాంతారావు జానపద చిత్రములకు వీరనాయకుడై వెలిగెను. సిరిసిల్ల సీమలోని హనుమాజీపేటవాడైన సి. నారాయణరెడ్డి 1962లో 'గులేబకావళి కథ'తో చిత్రగీతముల లోకమున నడుగిడి మహాకవిగా వెలుగొందెను. దాశరథి మధురగీతములను కూర్చెను. వీరెల్లరు తెలంగాణ బిడ్డలే. అయినను వీరు తెరకు పలికినది, వ్రాసినది పుస్తకాల తెలుగే. తెలంగాణ యాస తెరపై వినబడినచో అది ప్రతినాయకుని యనుచరుని నోటనో, నవ్వించు వేషగాని నోటనో వినబడెడిది. తన తల్లి మాటలాడు తీరు చిత్రశాలలో నవ్వులపాలగుట చూచి, ఆ నవ్వులో తానును కలసి నవ్వి, యింటికి వచ్చిన పిమ్మట ఏదో నొచ్చినట్లు తోచిన ప్రేక్షకులు రెండు తరములవారు ఈ సీమయం దుందురు. ఆ నొప్పికి పేరు పెట్టుట వారికి చేతకాలేదు. అది యున్నమాట మాత్రము సత్యము.

తెరమీద దొరకని పలుకు వారికి వాకిట దొరకెడిది. షామీర్‌పేట బాట కొమురవెల్లి మల్లన్న జాతరకు బోవు బాట. ఆ దేవుని కథను చెప్పు ఒగ్గువారు ఈ ప్రాంతపు కుర్మల, గొల్లల యిండ్లలో నేటికిని పట్నములు వేయుచున్నారు. ఒగ్గుకథను దగ్గరగా చూడనివారికై కొంత చెప్పెదను. పసుపు, కుంకుమ, బియ్యపుపిండి, ఆకుపొడి వ్రేళ్ల సందునుండి సన్నగా జారవిడుచుచు నేలమీద రంగుల పట్నము వేయుదురు. డమరుక మంతటి ఒగ్గు, పెద్ద డోళ్లు, తాళములు, నపీర కలసి మ్రోగుచుండ ప్రధాన కథకుడు లేచును. అతనికి వేషము లేదు. భుజముమీది తువ్వాలే వేషము. దానిని తలకు చుట్టినచో మల్లన్న. కొంగువలె కప్పికొన్నచో బలిజ మేడలమ్మ. నడుమునకు బిగించినచో గొఱ్ఱెల కాపరి. ప్రక్కనున్నవాడు మాటమాటకు ఊకొట్టుచు, నడుమ నడుమ అడ్డుప్రశ్న వేయును. ఆ ప్రశ్నలోనికి ఆ యూరి సర్పంచి మాటయు, ఆ యేటి వానల మాటయు, ముందు వరుసలో కునుకుచున్న ముసలమ్మ మాటయు దూరును. జనము నవ్వుదురు, మరుక్షణమున కథకుడు గొంతు మార్చినంతనే కన్నీరు పెట్టుకొందురు. జనగామ ప్రాంతపు మాణిక్యాపురమునకు చెందిన చుక్క సత్తయ్య ఈ కళను దేశమంతట వినిపించి సంగీత నాటక అకాడమీ పురస్కారమును బడసి, 2017లో గతించెను. నేటి దూరదర్శనపు పల్లె ముచ్చట్లకును, యూట్యూబు వినోదములకును మూలము వెదకువారు ఈ వాకిటి కథకుని, అతనికి ఊకొట్టు జోడును మొదట చూడవలెను.

ఈ వాకిటి పలుకును సభావేదిక కెక్కించి, పిమ్మట తెర కెక్కించినవారు అల్వాల్ మిత్రులు. 1970 ప్రాంతములలో నర్సింగరావు 'ఆర్ట్ లవర్స్' అను చిన్న సంఘమును నడుపుచుండగా, తూప్రాన్‌నుండి వచ్చి బుఱ్ఱకథలు చెప్పికొనుచున్న గుమ్మడి విఠల్‌రావు అందు చేరెను. జనులు ఏ బాణీలో నాట్లు వేయుదురో, ఏ బాణీలో పిల్లను జోకొట్టుదురో ఆ బాణీలోనే జనుల కష్టమును పాడవలెనన్న నిశ్చయమునకు వారు వచ్చిరి. ఆ సంఘమే జననాట్యమండలిగా మారెను. విఠల్‌రావు గద్దర్ అయ్యెను. మీద గొంగడి, కాళ్లకు గజ్జెలు, చేత కఱ్ఱ — సభకు వచ్చిన పల్లెవానికి అతడు గాయకునివలె గాక తన పాలివాడుగా కనబడెను. అతని రాజకీయములను అంగీకరింపనివారు సైతము అతని పాటను ఆపుకొనలేకపోయిరి. ఇది నేను గట్టిగా నమ్ము మాట, ఈ బాటమీద ఎవరినడిగినను కాదనరు.

'మా భూమి' 1979లో రూపొందినది. తెలంగాణ రైతాంగ పోరాటమును గూర్చి కృష్ణచందర్ ఉర్దూలో వ్రాసిన నవల దానికి ఆధారము. దర్శకుడు గౌతమ్ ఘోష్ వంగదేశీయుడు. అందులో గొంగడి కప్పుకొని గద్దర్ పాడిన నిజాము వ్యతిరేక గీతము పోరాట కాలమున బండి యాదగిరి కట్టినది. నవల ఉర్దూ, దర్శకుడు బెంగాలీ! అయినను తెలంగాణ జనము దానిని తమ చిత్రమని అక్కున జేర్చుకొన్నది. ఎందువలన? దానిలోని గుడిసె తమ గుడిసె, వెట్టి తమ తాతలు చేసిన వెట్టి, గొంతు తమ బాటమీది గొంతు. స్వంత కళ యనగా స్వంతకులమువాడో స్వంత జిల్లావాడో చేసిన కళ యని తలచువారు ఈ చిత్రమును తలచుకొనిన మంచిది.

ఆ పిమ్మట నర్సింగరావు 'రంగుల కల', 'దాసి', 'మట్టి మనుషులు' తీసెను. 1988 నాటి 'దాసి'కి ఉత్తమ తెలుగు చిత్రముగా జాతీయ పురస్కారము వచ్చెను. అందు దొరగడిలో దాసిగా నటించిన అర్చనకు ఉత్తమనటి పురస్కారము వచ్చెను. ఇవి గొప్ప చిత్రములు. కాని నిజము చెప్పవలెనన్న, ఇవి పండితుల మన్ననను పొందినంతగా మేడ్చల్ చిత్రశాలలలో జనులను పొందలేదు. పలుకు తెరమీదికి వచ్చినది. ప్రేక్షకుడు ఇంకను రాలేదు. ఆ నడుమ దూరమును తఱిగించినది చిన్నతెర.

చిన్నతెర మన పల్లెలకు వచ్చిన తీరు నేటి యువకులకు తెలియదు. 1975 ఆగస్టు 1వ తేదీనుండి ఏడాదిపాటు అమెరికావారి ఉపగ్రహ మొకదానిని తీసికొని మనదేశము 'సైట్' అను ప్రయోగమును నడపినది. ఆరు రాష్ట్రములలోని 2400 గ్రామములలో ఊరికొక దూరదర్శన పేటికను నిలిపి, కోళ్లగూటికి వాడు తీగవలతో చేసిన గొడుగువంటి యాంటెన్నాను దానికి తగిలించిరి. తెలంగాణ పల్లెలు కొన్ని అందులో చేరినవి. తెలుగు కార్యక్రమములను తయారుచేయు కేంద్రము హైదరాబాదున నెలకొన్నది. ఊరిజనులు పంచాయతీ యెదుట చాపలు పరచుకొని కూర్చుండి ఎరువుల మాటలు, పశువైద్యపు మాటలు తెలుగులో వినిరి. పిమ్మట హైదరాబాదు దూరదర్శన కేంద్రము, 1995లో జెమిని, ఈటీవీ, ఆపైన మరికొన్ని చానెళ్లు వచ్చినవి. ప్రతి సాయంకాలమును తెలుగు ధారావాహికలే ఇండ్లను ఏలినవి. 2017 మొదలు 2023 వరకు సాగిన 'కార్తీకదీపం' మూలకథ మలయాళపుది. అయినను అందలి అత్తాకోడండ్రను మన స్త్రీలు పొరుగింటివారివలె ఎరిగియుండిరి. కథ ఎచ్చటినుండి వచ్చినను, పలుకు, వంటిల్లు, బొట్టు, బంధుత్వముల పిలుపు మనవైనచో ప్రేక్షకుడు దానిని తనదిగా చేసికొనుటకు వెనుదీయడు.

యాసకు పట్టాభిషేకము జరిగినది మాత్రము వార్తలలో. 2012లో వీ6 చానెల్ మొదలైనది. రాత్రివేళ వచ్చు 'తీన్మార్' వార్తలలో బిత్తిరి సత్తి, సావిత్రి అను పాత్రధారులు ప్రభుత్వ పథకమునుండి పక్కింటి కోడి వరకు తెలంగాణ మాటలో ముచ్చటించిరి. అంతకు మున్ను వార్త యనగా చొక్కా గుండీలు బిగించుకొన్న భాష. ఇప్పుడది అరుగుమీది భాష యయ్యెను. భోజనము ముగించి ఇంటిల్లిపాది ఆ వార్తలకై కూర్చుండుట షామీర్‌పేట చుట్టుపట్ల ఇండ్లలో అలవాటయ్యెను. రాష్ట్రోద్యమపు ధూంధాంలు వేదికలమీద పెంచిన ఆత్మవిశ్వాసము ఈ విధముగా ఇంటింటి గోడమీదికి చేరగా, 2014లో రాష్ట్రము ఏర్పడిన పిమ్మటి యేండ్లలో యాస అవమానపు చిహ్నముగా నుండుట మానివేసెను.

పెద్దతెర ఈ మార్పును ఆలస్యముగానైనను గుర్తించినది. 2017లో శేఖర్ కమ్ముల 'ఫిదా' వచ్చెను. బాన్సువాడ పిల్లయైన నాయిక తెలంగాణ పలుకుతో తలయెత్తుకొని తిరిగినది. ఆ నాయికను పోషించిన సాయిపల్లవి తమిళనాటి పిల్ల. ఆమె స్వయముగా డబ్బింగు చెప్పి ఆ యాసను పలికిన తీరునకు ఈ సీమ ముగ్ధమయ్యెను. 2019లో ఆసుయంత్రమును కనిపెట్టిన చింతకింది మల్లేశం జీవితము 'మల్లేశం'గా వచ్చెను. 2021లో జోగిపేట కుఱ్ఱల కథయైన 'జాతిరత్నాలు' వచ్చెను. 2023 మార్చినెలలో మూడు సంఘటనలు వరుసగా జరిగినవి. నెల మొదట 'బలగం' విడుదలయ్యెను. నెల నడుమ, తెలంగాణ కవి చంద్రబోస్ వ్రాయగా కీరవాణి స్వరపరచిన 'ఆర్ఆర్ఆర్' చిత్రములోని 'నాటునాటు' గీతము ఆస్కారును గెలిచెను. నెల చివర సింగరేణి బొగ్గుపల్లెల కథయైన 'దసరా' వచ్చెను. ప్రపంచము నాటునాటుకు చప్పట్లు కొట్టుచుండగా, తెలంగాణ పల్లెలు మాత్రము 'బలగం' చూచి యేడ్చుచుండెను.

'బలగం' కథ చాల చిన్నది. కొమురయ్య యను ముసలివాడు చనిపోవును. పిట్టకు పెట్టిన ముద్దను కాకి ముట్టదు. ఏండ్లతరబడి మాటలు లేని అన్నదమ్ములు, ఆడబిడ్డ, అల్లుడు ఒకే యింట పదకొండు దినములు గడపవలసివచ్చును. పేరున్న కథానాయకుడు లేడు, పోరాటదృశ్యములు లేవు. దర్శకుడు వేణు అంతవరకు 'జబర్దస్త్' వంటి చిన్నతెర హాస్యములలో జనులకు తెలిసినవాడు. చివరి ఘట్టమున వరంగల్ జిల్లా దుగ్గొండి ప్రాంతపు బుడగజంగాల దంపతులు మొగిలయ్య, కొమురమ్మ నిజముగా పల్లెలలో పాడుకొను తీరుననే కూర్చుండి, పోయినవాని తరఫున ఆ కుటుంబముతో పాటగా మాటలాడుదురు. ఒగ్గు వాకిలి, బుడగజంగాల గడప, తెర — మూడును అచ్చట ఒక్కటైనవి.

ఆ పిమ్మట జరిగినది మన చిత్రచరిత్రలో అపూర్వము. పల్లెలలో పంచాయతీ యెదుటనో బడి మైదానముననో తెర కట్టి, ఊరంతటికి ఒక్కమాఱుగా ఈ చిత్రమును చూపిరి. దండోరా వేయించిన యూళ్లును గలవు. వెనుకటి 'సైట్' నాటివలె చాపలు పరచుకొని, ముసలివారు మంచములు తెచ్చుకొని చూచిరి. అనుమతి లేని ప్రదర్శనలని నిర్మాతల పక్షమున పోలీసులకు ఫిర్యాదు పోయినమాటయు నిజమే. వారి పెట్టుబడిని వారు కాపాడుకొనుట న్యాయమే. కాని టిక్కెట్టు కొని నగరమున చూచిన చిత్రమునే మరల తమ యూరివారితో కలసి చూడవలెనన్న ఆ కోరిక యెట్టిది? అది వినోదపు కోరిక గాదు. చావింట అందఱును కలసి కూర్చుండవలెనన్న కోరిక. చిత్రము ముగిసిన పిమ్మట ఏండ్లనాటి పగలు విడిచి అన్నదమ్ములు మాటలాడుకొనిరన్న వార్తలు ఆ వేసవిలో పత్రికలయందు వచ్చినవి. 'బలగం'లోని పల్లెను గూర్చిన పాటకు కాసర్ల శ్యామ్‌కు ఉత్తమ గీతరచయితగా జాతీయ పురస్కారము లభించెను.

చేతిలోని ఫోను ఈ కథను ఇంకొక మెట్టు ముందునకు నడపినది. లంబాడిపల్లెలో 2012లో మొదలైన 'మై విలేజ్ షో' యను యూట్యూబు చానెల్, పొలము పనులు చేసికొను గంగవ్వను తెరమీద కూర్చుండబెట్టినది. ఆమె ఏమియు నటింపదు, తానెట్లు మాటలాడునో అట్లే మాటలాడును. దానికే లక్షలాది జనులు ముగ్ధులైరి. 2021లో వెలువడిన 'బుల్లెట్టు బండి' పాటకు మంచిర్యాల సీమలో నొక వధువు బరాతులో వరుని యెదుట నర్తింపగా, ఆ వీడియో తెలుగునాట చూడనివారు లేనంతగా వ్యాపించెను. అటుపైని పెండ్లిండ్లలో పెండ్లికూతురు ఆడుట వింతగా లేకపోయెను. బోనాల పాటలకును బతుకమ్మ పాటలకును ఇంటింట వినబడు గొంతైన మంగ్లి పుట్టినది అనంతపురము జిల్లా తండాలో. ఆమె యనంతపురమునుండి వచ్చినదని తెలంగాణ స్త్రీలు బతుకమ్మ చుట్టు తిరుగుట మానలేదు.

ఇచ్చట నన్ను నిజముగా బాధించు విషయమును చెప్పవలసియున్నది. ఈ పాటలకు అధిక భాగము మూలము జానపదము. జానపదమునకు యజమాని లేడని తలచి యెవరైన నెత్తుకొనవచ్చునన్న భావము వ్యాపారస్థులలో బలపడినది. 2021లో 'లవ్ స్టోరీ' చిత్రమునకై సుద్దాల అశోక్‌తేజ వ్రాసిన 'సారంగదరియా' గీతము జానపదమూలమునుండి వచ్చినది. ఆ జానపదమును మున్ను 'రేలా రే రేలా' అను దూరదర్శన పోటీ వేదికపై పాడిన ఓరుగల్లు గాయని, తనకు గుర్తింపు లేదని బహిరంగముగా ఆవేదన చెందెను. దర్శకుడు ఆమె పాత్రను అంగీకరించి పేరు చేర్తునని ప్రకటించుట ప్రశంసనీయము. కాని ఆమె వలె పత్రికల కెక్కలేని ముసలమ్మలు ఎందఱు లేరు? వరినాట్లలో పాట నేర్చినవారు, దానిని ఫోనులో పట్టుకొనిపోయిన పిల్లవానికి పేరైనను అడుగక పాడియిచ్చినవారు, మరునాడు ఆ పాటకు కోటి చూపులు వచ్చినవని మనుమరాలు చెప్పగా విని నవ్వి ఊరకున్నవారు, ఈ రెండు బాటల యిరుప్రక్కల ఊరూర నున్నారు.

'బలగం' చివర పాడిన మొగిలయ్య మూత్రపిండముల వ్యాధితో బాధపడి 2024 డిసెంబరులో గతించెను. చికిత్సకు ప్రభుత్వము సహాయము చేసినది, చిత్రమునకు చెందినవారును చేయూత నిచ్చిరి, అది మెచ్చదగినది. అయితే ప్రజల కన్నీటిని అంతగా రాబట్టిన గొంతునకు జీవితాంతము పాటనుండి వచ్చు హక్కుసొమ్మే ఉండియున్నచో ఆ సహాయమును అర్థించు అవసరమే పడకపోవునేమో!

గద్దర్ 2023 ఆగస్టు 6న కన్నుమూసెను. లాల్‌బహదూర్ స్టేడియమునుండి ఆయన దేహమును అల్వాల్‌కు ఊరేగింపుగా తెచ్చి, ఆయన నెలకొల్పిన మహాబోధి విద్యాలయపు ఆవరణలో ఖననము చేసిరి. 1964లో మొదలైన నంది పురస్కారములు ఆగిపోయిన చోట తెలంగాణ ప్రభుత్వము ఆయన పేర చలనచిత్ర పురస్కారములను స్థాపించి, 2025 జూన్ 14న హైదరాబాదు హైటెక్స్‌లో తొలిసారి ప్రదానము చేసినది. 2023 సంవత్సరపు ఉత్తమచిత్రముగా అందు నిలిచినది 'బలగం'. ఒకనాడు ప్రభుత్వపు నంది పురస్కారమునే వలదన్నవాడు గద్దర్. నేడు ప్రభుత్వమిచ్చు పురస్కారమే ఆయన పేరు మోయుచున్నది. ఈ పురస్కారములలో ఒకటి, ప్రతి యేటను, చిత్రమున వినియోగింపబడిన జానపదమును కాపాడి యందించిన పల్లె గాయకునికో గాయనికో ప్రత్యేకముగా కేటాయించుట ప్రభుత్వమునకు కష్టము గాదు. అంతకన్న ముఖ్యముగా, జానపదమును వాడుకొను ప్రతి నిర్మాతయు, యూట్యూబు చానెల్ నడుపు ప్రతి యువకుడును, పాడియిచ్చినవారి పేరును వారి యూరి పేరును పాట ఆరంభముననే చూపి, వచ్చిన రాబడిలో వంతును కాగితముమీద వ్రాసి యియ్యవలెను. మేడ్చల్‌లో ఫంక్షన్‌హాలు అద్దెకును, డీజే బండికిని, పూలకును ఒడంబడిక వ్రాసికొనుట వాడుకయైనప్పుడు, ఆ రాత్రి అందఱిచేతను ఆడించిన పాటకు ఒడంబడిక లేకుండుట యే న్యాయము?